చపాట అని చెప్పి తేజ కారం అంటగట్టారు: వరంగల్‌లో తొక్కుకు మిర్చి కొనేవాళ్లు జాగ్రత్త

"చెల్లె, నీకు అసలు చపాట అంటే ఏందో ఎరుకేనా?"

ఈ రోజు పొద్దున పదిమంది ముందు, నాకు కారం పట్టించి ఇచ్చిన మిర్చి దుకాణాయన నన్ను అడిగిన మాట ఇది. చపాట అంటే మా వరంగల్ వైపు పండే, మంట తక్కువుండే మిర్చి రకం. పరకాల పక్క ఊర్లో పుట్టినదాన్ని. మా నాయన ఉన్నన్ని రోజులు మిర్చే వేశాడు. కల్లంలో కాయలు ఏరుకుంటూ పెరిగిన నన్ను పట్టుకుని అడిగాడు. ఇంటికి వచ్చి రెండు గంటలైనా కోపం దిగలేదు. రాసింది అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

దుకాణం పేరు రాయను, కంప్లైంట్ పెడుతున్నాను కాబట్టి. మార్కెట్ బయట, వెనక సొంత గిర్ని ఉండి, ముందు చపాట బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టిన దుకాణం. ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్లేవాళ్లలో చాలామందికి తెలిసిందే. నాకు కూడా మా కాలనీ వాళ్లే చెప్పారు.

పోయిన శనివారం వెళ్లాను. 5 కిలోలు, కిలో 480. ధర ఎక్కువే, అయినా బేరం ఆడలేదు, ఎందుకంటే కాయ నిజంగా బాగుంది. టమాటాలా గుండ్రంగా, ముడతలు పడి, ముదురు ఎరుపు. ఒకటి విరిచి వాసన చూశాను. తోలు మందంగా ఉంది. వందకు వంద శాతం చపాటే. నా ముందే కాంటా పెట్టారు. మాకు చపాటే ఎందుకంటే, మా అమ్మకు కడుపులో పుండు ఉంది. కారం తగ్గించమని డాక్టర్ చెప్పాడు. తొక్కు లేకుండా ఆమెకు ముద్ద దిగదు. చపాట రంగు బాగా ఇస్తుంది, మంట చాలా తక్కువ. మన దగ్గర తొక్కుకు దాన్ని ఇష్టపడేది అందుకే కదా.

"గిర్ని కాడ ఘాటు చెల్లె, దగ్గొస్తది. నువ్వు బయట కూసో, చాయ్ తాగు, పట్టించి ఇస్త" అన్నాడు. కూర్చున్నాను. నా సంచి పరదా వెనక్కి వెళ్లింది. 20 నిమిషాలకు వేడివేడి కారం ప్యాకెట్ వచ్చింది. ఆ రంగు చూసి నేనే మురిసిపోయాను. మా నాయన ఉంటే ఒక్క మాట అనేవాడు: గిర్ని కాడ కారం పట్టేటప్పుడు కళ్లు మండినా సరే, అక్కడి నుంచి కదలొద్దని. ప్రతి ఏడాది నిలబడేదాన్ని. ఈసారి చాయ్ కోసం కూర్చున్నాను. తప్పు నాది కూడా.

ఆదివారం తొక్కు పెట్టాం. 30 మామిడికాయలు, 3 కిలోల పల్లి నూనె, అల్లం, ఎల్లిపాయ, అన్నీ అమ్మ చేతి లెక్కే. కలిపింది కూడా అమ్మే. కలిపాక సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆమె గోళ్ల చుట్టూ ఎరుపు పోలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మూడో రోజు వేడి అన్నంలో ఇంత కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకుంది. పొలమారింది. కళ్లల్లో నీళ్లు. ఆమె అన్న మాట వినండి: "నా నోరే బాగలేదేమో బిడ్డా." రాత్రంతా కడుపు పట్టుకుని కూర్చుంది. నేను నాలుక మీద చిటికెడు వేసుకున్నాను. మంట అంటే మంట. చపాట ఎప్పుడూ అట్లా మండదు. అది తేజ లేదా దాంట్లాంటి ఘాటు రకం ఎక్కువ కలిపిన కారం. ఎరుపు తగ్గకుండా రంగు కూడా వేసినట్టుంది.

ఈ రోజు ప్యాకెట్ పట్టుకుని వెళ్లాను. గొడవ పడాలని కాదు, పొరపాటున సంచి మారిందేమో అని కూడా అనుకున్నాను. ముందు నవ్వుతూనే మాట్లాడాడు. గాజు గ్లాసులో నీళ్లు అడిగి, ఆయన బల్ల మీదే, నా ప్యాకెట్‌లోంచి ఒక చెంచా కారం నెమ్మదిగా పైన చల్లాను. పొడి ఇంకా పైన తేలుతుండగానే, దాంట్లోంచి ఎర్రటి దారాలు కిందికి జారాయి. నాలుగైదు దారాలు, మెలికలు తిరుగుతూ అడుగు దాకా. మంచి కారం నీళ్లలో అట్లా రంగు వదలదు. పక్కన ఉన్నవాళ్లందరూ తొంగి చూస్తున్నారు. ఆయన గ్లాసు లాక్కుని రోడ్డు మీద పారబోశాడు.

పారబోసి అంటాడు: "ఇంటికి తీస్కపోయి నువ్వేం కలిపినవో నాకేం ఎరుక? బిల్లు ఏది?"

శనివారం బిల్లు అని ఇచ్చింది ఒక చీటీ. "మి 5 – 2400, గిర్ని 150." దుకాణం పేరు లేదు, తేదీ లేదు, ఏ రకమో లేదు. ఆ చీటీ చూపిస్తే, ఇది మాది కాదు అన్నాడు. అదే చెయ్యి రాసిన చీటీ. శనివారం చెల్లె, చెల్లె అని చాయ్ తెప్పించిన మనిషి. నాకు డబ్బు కంటే ఆ గ్లాసు పారబోయడమే కడుపు మండించింది. ఆయనకు తెలుసు. తెలియకపోతే ఎందుకు పారబోస్తాడు? లైన్‌లో ఉన్న ఒక పెద్దమ్మ మాత్రం తన సంచి చేతిలోకి తీసుకుని "నేను గిర్ని కాడనే నిలబడ్త" అంది. ఆమెను కూడా కసురుకున్నాడు. ఆమె సంచి పట్టుకుని వెళ్లిపోయింది.

ఇంకో విషయం. ఆ ఫ్లెక్సీ మీద "జీఐ గుర్తింపు పొందిన చపాట" అని రాసి ఉంది. వరంగల్ చపాటకు 2025లో జీఐ, అంటే ఫలానా ప్రాంతం పంట అనే భౌగోళిక గుర్తింపు, వచ్చిన మాట నిజమే. దానికి దరఖాస్తు పెట్టింది దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఆ గుర్తింపు మన నేల మీద పండే ఆ పంటకు. ఫ్లెక్సీ కట్టిన ప్రతి దుకాణానికీ వచ్చినట్టు కాదు. ఆ పేరు వాడుకునేవాళ్లు వేరేగా నమోదు చేయించుకోవాలి. పేరు వచ్చింది, ధర పెరిగింది, దాని వెనకే ఈ మోసం వచ్చింది. రైతు ఎండలో ఒక్కో కాయ కోసి, తాలు ఏరి తెస్తే, పేరు వీళ్లు చెడగొడుతున్నారు. నాకు అది మా నాయన కష్టం మీద ఉమ్మినట్టే అనిపించింది.

కొనాలనుకునేవాళ్లు కాయే కొనండి, పొడి వద్దు. తొడిమెలు ఇంట్లో తీసుకుని, మీకు తెలిసిన గిర్నికి తీసుకెళ్లి, కారం సంచిలో పడేదాకా అక్కడే ఉండండి. బిల్లు మీద రకం పేరు రాయించుకోండి. నీళ్ల పరీక్షకు అన్ని రంగులూ దొరకవు. నూనెలో కరిగే రంగులు ల్యాబ్‌లోనే తేలుతాయి. నేను సగం ప్యాకెట్ సీల్ చేసి పెట్టాను, ఫుడ్ సేఫ్టీ వాళ్లకు ఇస్తాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఆ తొక్కు జాడీ ఇంకా మెట్ల కిందే ఉంది. అమ్మ పారబోయనివ్వడం లేదు, నూనె వృథా అవుతుందని. పోయిన వారం అక్కడ కారం పట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, తొక్కులో కలపకముందే ఒక చెంచా నీళ్లలో వేసి చూడండి. దారాలు కనిపిస్తే ఫోటో తీసి నాకు పంపండి, నా కంప్లైంట్‌తో కలిపి ఇస్తాను.