చిలకలకి అందని గింజల డబ్బా: బోను ఫీడర్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తా, ఈ బోను ఫీడర్ చిలకల్ని ఆపుతుంది. నేనుండేది లండన్ పడమటి వైపు, ట్వికెన్‌హామ్‌లో. ఇక్కడ పెరట్లో మామూలు బర్డ్ ఫీడర్ (పిట్టలకి గింజలు పెట్టే డబ్బా) వేలాడదీశామంటే అది రామచిలకలకి రాసిచ్చినట్టే. పొద్దున నింపిన పొద్దుతిరుగుడు పప్పు మధ్యాహ్నానికి ఉండదు. ఒకటి తలకిందులుగా వేలాడుతూ తింటుంటే మిగతావి కొమ్మల మీద గోల పెడతాయి. తినేదానికన్నా కింద పోసేదే ఎక్కువ.

దీన్ని ఊరి బయట గార్డెన్ సెంటర్‌లో కొన్నాను, 30 పౌండ్ల లోపే పడింది. నిలువు గొట్టం, చుట్టూ ఇనప తీగల బోను. పిచ్చుక, బ్లూ టిట్, గోల్డ్‌ఫించ్ లాంటి చిన్న పిట్టలు దూరేంత సందులు. కొనేవాళ్లంతా సందు ఎంతుందనే చూస్తారు. అసలు చూడాల్సింది తీగకీ గొట్టానికీ మధ్య ఎడం. చిలక బోనుని కాళ్లతో పట్టుకుని, తల లోపల పెట్టి మెడ సాగదీస్తుంది. ఎడం రెండు వేళ్లే ఉంటే ముక్కు గింజకి అందిపోతుంది, ఇక బోనుండీ దండగే. దీంట్లో బెత్తెడుకు పైనే ఉంది. మొదట్లో అన్ని వైపుల నుంచీ ప్రయత్నించాయి, తీగలు కొరికి చూశాయి, చివరికి పక్కింటి ఫీడర్ మీద పడ్డాయి.

వీడియో కాల్‌లో చూపిస్తే మా నాయన ఒకటే నవ్వు. "జొన్నచేనికి మంచె ఏసినట్టు గింజల డబ్బాకి బోను ఏసినావేందిరా!" నంద్యాల పక్క జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో వడిసెల పట్టుకుని మంచె ఎక్కినవాళ్లకి చిలక ముద్దు రాదు. ఇక్కడి ఫ్రెండ్స్ మాత్రం "పాపం, మన దేశం పిట్టలు కదా" అంటారు. మన దేశంవే గానీ మా నంద్యాలవి కావు. యూరప్ చిలకల జన్యువులు పరీక్షిస్తే ఎక్కువగా పాకిస్తాన్, ఉత్తర భారతం వైపు మూలాలు తేలాయి. అక్కడి చలికి అలవాటు పడ్డ జాతి, పైగా ఇక్కడ ఇంటింటా ఫీడర్. శీతాకాలం గడవడానికి ఇంకేం కావాలి?

ఇవి ఇక్కడికెలా వచ్చాయంటే పక్కింటాయన రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ కథ చెబుతాడు, 1960ల్లో లండన్ కార్నబీ స్ట్రీట్‌లో ఒక చిలకల జంటని ఎగరేశాడట. కథ బాగానే ఉంది గానీ, 2019లో క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్లు చిలకలు కనబడిన చోట్లన్నీ మ్యాప్ మీద పెట్టి చూసి, దానికి ఆధారం లేదన్నారు. పంజరాల్లోంచి తప్పించుకున్నవీ, చిలకజ్వరం (చిలకల నుంచి మనుషులకి అంటే జబ్బు) భయంతో జనం వదిలేసినవీ ఏళ్ల తరబడి పోగయ్యాయి. 1969లో కెంట్‌లో గూళ్లు పెట్టిన దగ్గర్నుంచి నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు బ్రిటన్‌లో సుమారు 12,000 జంటలంటున్నారు. గింజలు తింటున్నాయని చంపేయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి మన చేతిలో ఉన్నది బోనే.

ఇక లోపాలు. బోను తిండిని కాపాడుతుంది గానీ భయాన్ని పోగొట్టదు. 2014లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఫీడర్ పక్కన పంజరంలో చిలకని ఉంచితే టిట్‌లు రావడం తగ్గించాయి, వచ్చినవి కూడా తినడం మాని దిక్కులు చూశాయి. మా పెరట్లోనూ అంతే. చిలకలు యాపిల్ చెట్టు మీదుంటే బ్లూ టిట్ కంచె దాటి రాదు. అవి లేచిపోయాక వచ్చి, ఒక్క గింజ తీసుకుని, కొమ్మ మీద కాళ్ల మధ్య అదిమిపెట్టి పొడుచుకు తింటుంది.

నాకు ఎక్కువ బాధనిపించింది స్టార్లింగ్ విషయం. మన గోరింకల కుటుంబమే. ఇక్కడ బాగా తగ్గిపోయి రెడ్ లిస్ట్‌కెక్కిన (ముప్పులో ఉన్న పక్షుల జాబితా) పిట్ట. అదీ ఈ బోనులో పట్టదు. వడ్రంగి పిట్టదీ అదే గతి. వాటికోసం కొవ్వు ఉండలు వేరే పెడుతున్నాను, వాటిని మళ్లీ చిలకలే తింటున్నాయి! ఉడుత పిల్లలు మాత్రం హాయిగా దూరతాయి (ఆ బూడిద రంగు ఉడుత కూడా అమెరికా నుంచి తెచ్చిపెట్టుకున్నదే, దాన్నెవరూ ఎక్కణ్ణించి వచ్చావని అడగరు).

శుభ్రం చేయడం పెద్ద తలనొప్పి. అడుగు ఊడిరాదు. ఇక్కడి జల్లులకి అడుగున గింజలు ముద్దకట్టి బూజు పడతాయి, సీసాలు తోమే బ్రష్‌తో గోకి తీయాలి. బద్ధకిస్తే కుదరదు. గ్రీన్‌ఫించ్ పిట్టల్ని ఊడ్చేసిన ట్రైకోమోనోసిస్ లాంటి జబ్బులు ఫీడర్ల దగ్గరే తేలిగ్గా అంటుకుంటాయి. ఆ అడుగు కోసమే ఒక స్టార్ తీసేసి నాలుగు ఇస్తున్నా.

ఇదే నమూనాలో ప్లాస్టిక్ మూతది కొంచెం చవకగా దొరుకుతుంది. దాని జోలికి పోవద్దు, చిలక ముక్కు ముందు ప్లాస్టిక్ ఎన్నాళ్లో ఆగదు. ఇనప మూతది తీసుకుని, చెట్టు కొమ్మకి కాకుండా విడిగా స్తంభానికి వేలాడదీయండి.