పొలొనేజా, మజూర్కానా: షోపాన్ సంగీతంలో ఏది మేలు?

పియానో సంగీతం కొత్తగా వినడం మొదలుపెట్టినవాళ్లకి పోలండ్ స్వరకర్త షోపాన్ అనగానే ముందు పొలొనేజ్‌లే వినిపిస్తారు. మజూర్కాలు ‘చిన్నవి కదా, తర్వాత చూద్దాం’ అన్నట్టు వెనక్కి వెళ్లిపోతాయి. రెండూ పోలండ్ నృత్యాలే, రెంటికీ మూడు దెబ్బల లయే. కానీ పోలండ్ పల్లె పియానోలోకి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే నా ఓటు మజూర్కాకే.

పొలొనేజ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది నడక నృత్యం. జంటలు బారులు తీరి, తల ఎత్తి, హుందాగా అడుగులు వేస్తూ సాగుతాయి. దాని మూలాలూ పల్లెల్లోనే ఉన్నా, షోపాన్ పుట్టిన 1810 నాటికే అది ఎప్పుడో జమీందారుల మహళ్లకి చేరిపోయింది. ఏడేళ్ల పిల్లవాడిగా 1817లో ఆయన కట్టిన తొలి రచనలు పొలొనేజ్‌లే. అప్పటికి స్వతంత్ర పోలండ్ రాజ్యం లేదు. 1795 నాటికే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచేసుకున్నాయి. 1830లో వార్సా విడిచి వెళ్లిన షోపాన్ మళ్లీ సొంతగడ్డ మీద కాలు పెట్టలేదు. అందుకే పెద్దయ్యాక రాసిన పొలొనేజ్‌లలో పోయిన రాజ్యం మీద అభిమానం, కోపం రెండూ ఉంటాయి. 1842 నాటి ఓపస్ 53 (ఓపస్ అంటే రచన సంఖ్య) మధ్యలో ఎడమచెయ్యి నాలుగే నాలుగు స్వరాలను అష్టకాలలో, అంటే ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి, కిందికి దిగుతూ, ఆగకుండా, వేగంగా వాయిస్తూనే ఉంటుంది. గుర్రాల దండు దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టే ఉంటుంది. నిండు హాలును ఊపేయాలంటే దీన్ని మించింది లేదు.

మజూర్కా అలా ఊపేయదు, దగ్గరికి పిలిచి కూర్చోబెడుతుంది. నిజానికి ఆ పేరు కింద మూడు నృత్యాలున్నాయి. మజూర్ చురుకైనది, కుయావియాక్ నెమ్మదైనది, ఒబెరెక్ గిరగిరా తిరిగేది. బడి రోజుల్లో 1824, 1825 వేసవి సెలవులకి షఫార్నియా అనే పల్లెకి వెళ్లిన షోపాన్ అక్కడి పాటలూ వాద్యాలూ దగ్గరగా విన్నాడు. వాటిని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోవడం ఆయన పద్ధతి కాదు. అవి ఎలా నడుస్తాయో పట్టుకుని, ఆ నడకలో తన సొంత పాట కట్టాడు. ఓపస్ 68లోని మూడో మజూర్కా మధ్యభాగం విని చూడండి. ఎడమచెయ్యి సా-పా పట్టుకుని కదలకుండా శ్రుతి వేస్తుంటుంది, పల్లెల్లో తిత్తి వాద్యం చేసే పని అదే. దాని మీద కుడిచేతి పాటలో ప్రతిమధ్యమం పలుకుతుంది. కల్యాణి విన్న చెవికి ఆ స్వరం వెంటనే తెలిసిపోతుంది.

అసలు సంగతి లయలో ఉంది. మూడు దెబ్బల మరో నృత్యం వాల్ట్జ్‌లో బరువు ఎప్పుడూ మొదటి దెబ్బ మీదే. మజూర్కాలో అది రెండో దాని మీద పడొచ్చు, మూడో దాని మీదా పడొచ్చు, పాట మధ్యలో చోటు మారొచ్చు కూడా. షోపాన్ వాయిస్తే ఒక దెబ్బ ఎంత సాగేదంటే, ఓసారి ఆయన శిష్యుడు లెంజ్ పాఠం చెప్పించుకుంటుండగా వచ్చిన ఒపెరా స్వరకర్త మేయర్‌బేర్ ‘ఇది రెండు దెబ్బల లయ’ అనేశాడు. ‘కాదు, మూడు’ అని షోపాన్ వాదించాడు, తానే వాయించి చూపించాడు, చివరికి బాగా కోపం తెచ్చుకున్నాడు. చార్లెస్ హాలే అనే పియానిస్టుకైతే నాలుగు వినిపించాయట. హాలే పైకి లెక్కపెట్టి చూపించేసరికి షోపాన్ నవ్వేశాడు. కాగితం మీద ఉన్నవి మూడే. కాలు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ లేస్తుందో కాగితం చెప్పలేదు.

అందుకే నేర్చుకునేవాళ్లు మజూర్కా నోట్స్ చూసి తేలిక అనుకోకూడదు. ఓపస్ 53 వేళ్లని, మణికట్టుని పరీక్షిస్తుంది, గట్టి సాధనతో దారికొస్తుంది. మజూర్కాని మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) పెట్టుకుని ఎంత వాయించినా రాదు. ఆ నృత్యాన్ని చూడాలి, వీలైతే అడుగులు వేసి చూడాలి. అలాగని అది పోలండ్ వాళ్లకే సొంతం అనడమూ తప్పే. 1955లో వార్సా షోపాన్ పోటీలో మజూర్కాల ప్రత్యేక బహుమతి అందుకున్న ఫు ట్సుంగ్ షాంఘైలో పుట్టినవాడు.

ఇంకో మాట. పొలొనేజ్ ఒక ప్రకటన లాంటిది కాబట్టి గట్టిగా ముగియాలి. మజూర్కాకి ఆ నిర్బంధం లేదు. ఓపస్ 17లోని నాలుగోది ముగింపు దొరకని స్వరమేళం (కార్డ్) మీదే ఆగిపోతుంది. ఓపస్ 7లోని ఐదోదానికైతే ముగింపే లేదు, మళ్లీ మొదటికి వెళ్లి అంతులేకుండా వాయించమని రాసిపెట్టాడు. చిన్నవి అని పక్కన పెట్టేవాటిలోనే ఆయన ఇంత సాహసం చేశాడు.

రెండూ ఒకేచోట కావాలంటే 1841లో రాసిన ఓపస్ 44 వినండి. పేరుకి పొలొనేజ్. మధ్యలో మొండిగా, అవే స్వరాలు పదేపదే మోగి మోగి, ఉన్నట్టుండి మజూర్కాలోకి జారుతుంది. మొదటిసారి వినేవాళ్లు అక్కడికి వచ్చాక వాల్యూమ్ కాస్త పెంచుకుంటే మంచిది, అది అంత మెత్తగా మొదలవుతుంది.