కడపలో పటం కొంటే కాళ్లు చూసి కొనండి

కడపలో నిత్య సహాయమాత పటం (బాలయేసును ఎత్తుకున్న మరియమ్మ బొమ్మ) కొనాలనుకునేవాళ్లు డబ్బులిచ్చే ముందు బాలయేసు కాళ్లు చూసుకోండి. నేను చూడలేదు, 650 రూపాయలు పోయాయి.

అనంతపురం నుంచి అమ్మతో రెండు రోజులు వెళ్లాను. బస్సు ప్రయాణం బాగానే సాగింది. లాడ్జి మాత్రం ఘోరం. ఫోన్‌లో 900 అన్నవాళ్లు తీరా వెళ్లాక 1,200 అన్నారు. పొద్దున పూజకని ఐదింటికి లేస్తే కుళాయిలో చుక్క లేదు, అడిగితే "మోటార్ వేసేవాడు ఏడింటికి వస్తాడు" అని కౌంటర్ కుర్రాడు మళ్లీ ముసుగుతన్నాడు. అమ్మ బాటిల్ నీళ్లతో ముఖం కడుక్కుని ఆటో ఎక్కింది. చర్చి ఉన్న మరియాపురం దాకా (80 రూపాయలు) నాతో ఒక్క మాటా లేదు. పూజ అయ్యాక ఎర్రకారం, పప్పులపొడి దట్టించిన కారం దోసె తిన్నాకే నోరు విప్పింది.

ఆ ఉత్సాహంలోనే ఒక కొట్లో పటం కొన్నాం, బంగారు రంగు నేపథ్యం, అద్దం ఫ్రేము, చూడ్డానికి భలే ఉంది. గుడి ఆవరణలో ఒక పెద్దాయన, ఒకప్పుడు ఉపదేశిగా, అంటే మతబోధ చెప్పేవాడిగా చేశారట, పటం తీసుకుని చూసి "చెప్పు ఏదమ్మా?" అన్నారు. మాకు అర్థం కాలేదు. తన ప్రార్థన పుస్తకంలోంచి చిన్న పటం తీసి చూపించారు. అందులో ఒక దేవదూత చేతిలో సిలువ, మేకులు, ఇంకో దూత దగ్గర ఈటె, స్పాంజి. రాబోయే కష్టం కనబడి పిల్లాడు భయంతో తల్లి దగ్గరికి పరుగెత్తాడు, ఆ పరుగులో ఒక కాలి చెప్పు ఊడి వేలాడుతోంది. రెండు చేతులా తల్లి చేయి పట్టుకున్నాడు గానీ చూపు ఆమె మీద లేదు, పక్కకి తిప్పుకున్నాడు. అసలు పటం రోమ్‌లో ఉంది, 1866 నుంచి రక్షక సభ అనే క్యాథలిక్ గురువుల సంఘం గుడిలో. చిన్నప్పటి నుంచి ఇంట్లో చూస్తున్న బొమ్మే, ఆ చెప్పు నేనెప్పుడూ గమనించలేదు!

మా పటంలో దూతల చేతుల్లో పూలు. పిల్లాడు నవ్వుతున్నాడు, రెండు చెప్పులూ కాళ్లకే ఉన్నాయి.

వాపసు ఇద్దామని వెళితే కొట్టాయన "ఇంట్లో పెట్టుకునే పటంలో మేకులెందుకు సార్, పూలైతే శుభం కదా" అని నాకే బోధించి పంపాడు. అక్కడే 10 రూపాయలకి అమ్మే చిన్న కార్డులో మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయి, అది కొనుక్కోండి.

బస్సులో నేను గొణుగుతుంటే అమ్మ పటం ఒళ్లో పెట్టుకుని అంది: "పిల్లోనికి చెప్పులు సక్కగా తొడిగినారు, ఇప్పుడేమైందిరా నీకి?"