435 నుంచి 142కి: మియాటాతో నాలుగేళ్ళు, ఒక గేర్ రాడ్

ఫోర్డ్ మస్టాంగ్ అమ్మేసి పదిహేడేళ్ళ పాత మియాటా (మజ్దా వాళ్ళ టాప్ తెరుచుకునే చిన్న రెండు సీట్ల కారు) కొన్నానని చెప్పగానే మా ఫ్రెండ్స్‌లో ముగ్గురు విడివిడిగా అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఉద్యోగం పోయిందా?"

వాళ్ళని తప్పుపట్టలేను. అట్లాంటాకి ఉత్తరాన మేముండే కమ్మింగ్‌లో మనవాళ్ళ ఇళ్ళ ముందు కార్లు ఏటేటా పెరుగుతాయి గానీ తరగవు. నా లెక్కా అలాగే నడిచింది. మొదట బీఎండబ్ల్యూ 335ఐ, 300 హార్స్ పవర్. తర్వాత 2015 మస్టాంగ్ జీటీ, 435. ఆ తర్వాత ఇది, 2004 మోడల్, 142. 98 వేల మైళ్ళు తిరిగిన బండిని 2021లో 7,500 డాలర్లకి తీసుకున్నాను, నేను ఇంకో 26 వేలు తిప్పాను. మిగతా వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది గేర్ రాడ్ గురించి.

చిన్న రాడ్. పైన ఉండ అరచేతిలో నిమ్మకాయలా ఇమిడిపోతుంది. గేరు మార్చడానికి మణికట్టు కదిపితే చాలు, మోచేతితో పని లేదు. రాడ్ కింది కొస నేరుగా గేర్‌బాక్స్‌లోకే దిగుతుంది, మధ్యలో కేబుళ్ళు లేవు. అందుకే గేరు పడ్డ 'టక్' చెవి కంటే ముందు చేతికి తెలుస్తుంది. కొన్న కొత్తలో ఒక రాత్రి గరాజ్‌లో ఇంజన్ ఆపేసి కూర్చుని ఉంటే మా ఆవిడ తలుపు తీసి, "ఏం చేస్తున్నారండీ ఇక్కడ?" అంది. "గేర్లు వేసుకుంటున్నా" అన్నాను. ఇంకేమీ అడగకుండా తలుపేసుకుని వెళ్ళిపోయింది.

మస్టాంగ్‌కీ గేర్లు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, వాడే చోటే లేదు. దాన్ని థర్డ్‌లో చివరిదాకా లాగకముందే గంటకి 75 మైళ్ళు దాటేస్తుంది. జార్జియాలో రెండు వరసల రోడ్డు మీద 75 తాకితే మామూలు జరిమానా మీద 'సూపర్ స్పీడర్' పేరుతో ఇంకో 200 డాలర్లు కట్టాలి. నేను కట్టాను. ఆ తర్వాత ఆ కారుని అందులో సగం బలంతో కూడా నడపలేదు. ఏనుగుని పెంచుకుంటూ దాని మీద కూరగాయలకి వెళ్ళొచ్చినట్టు ఉండేది. మియాటాని సెకండ్‌లో 7,000 ఆర్‌పీఎం దాకా అరిపించినా 60 లోపే ఉంటాను. డాలోనెగా దాటాక వుడీ గ్యాప్ మీదుగా సచెస్ వెళ్ళే ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకీ రెండు, మూడు, మళ్ళీ రెండు. చేతికి పని, చెవికి పని. అదే రోడ్డు మీద మస్టాంగ్‌లో వెళ్తే థర్డ్‌లో పెట్టి బ్రేకు మీద కాలుంచి కూర్చునేవాడిని.

ఈ కారు చేసిన జపాన్ వాళ్ళు 'జిన్బా ఇత్తాయి' అంటారు, గుర్రమూ రౌతూ ఒకటే అని. మనకీ ఉందిగా, రౌతు కొద్దీ గుర్రం అని. నా బోటి రౌతుకి ఈ గుర్రం సరిపోయింది.

ఇక అసలు కథ. పోయిన అక్టోబర్‌లో మా నాన్న ఖమ్మం నుంచి వచ్చారు. ఆయన నాగార్జునసాగర్ ప్రాజెక్టు (ఎన్నెస్పీ) కాలువ డివిజన్‌లో ముప్పై ఏళ్ళు జీపు నడిపారు. ఇక్కడి ఆటోమేటిక్ కార్లంటే చులకన, "లిఫ్టు ఎక్కినట్టుందిరా" అంటారు. ఆకులు రంగు మారే రోజులు కదా అని మియాటాలో సచెస్ తీసుకెళ్ళాను. ఆయన్ని ఆ సీట్లోకి దించడానికే ఐదు నిమిషాలు పట్టింది.

సచెస్‌లో ఆగి ఫ్లాస్కులో టీ తాగి బయల్దేరబోతూ క్లచ్ తొక్కాను. పెడల్ కిందికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కాలి వేళ్ళతో పైకి లాగితే వచ్చింది, మళ్ళీ తొక్కితే మళ్ళీ నేలకి అతుక్కుంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నాకు చెమటలు. నాన్న నెమ్మదిగా దిగి వచ్చి బానెట్ ఎత్తించారు. క్లచ్ ఆయిల్ డబ్బా ఖాళీ, అడుగున కాస్త డికాషన్ లాంటి మడ్డి. అంతకు ఆరు నెలల ముందు ఒక షాపులో సర్వీసింగ్ చేయించి, "అన్ని ఆయిల్స్ మార్చాం" అంటే బిల్లు కట్టి వచ్చాను. ఆ డబ్బా మూత మాత్రం ఎవరూ తీసినట్టు లేదు.

"క్లచ్ పోతే పోయింది, ఫస్ట్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టు" అన్నారు నాన్న.

ఈ కారు క్లచ్ పెడల్ కింద దాకా తొక్కితేనే సెల్ఫ్ తీసుకుంటుంది. పెడల్ ఎలాగూ కిందే ఉంది. సెల్ఫ్ కొడితే కప్పలా మూడు గెంతులు గెంతి స్టార్టయింది. ఇప్పుడు సెకండ్ ఎలా?

"యాక్సిలరేటర్ కొంచెం వదులు. న్యూట్రల్‌కి లాగు. ఇప్పుడు రెండో గేరు వైపు వేలు ఆనించి ఉంచు. నెట్టకు, ఊరికే ఆనించు. సౌండ్ దిగుతుంది చూడు, దిగుతుంది... అదిగో."

పడింది. గరగర లేదు, కుదుపు లేదు. నెయ్యిలోకి వేలు దిగినట్టు దానంతట అదే లోపలికి జారింది. కిందికి మార్చేటప్పుడు న్యూట్రల్‌లో కాస్త రేజ్ చేసి వెయ్యమన్నారు. మొదటిసారి తప్పాను, పళ్ళు కొరికిన చప్పుడు. రెండోసారి కుదిరింది. డాలోనెగా దాకా కొండ దిగినంతసేపూ ఎడమకాలికి పని లేకుండా వచ్చాం. ఈ రాడ్ నాకు పూర్తిగా అర్థమైంది ఆ రోజే. గేరు పడే క్షణాన్ని అది చేతికి ముందే చెబుతుంది, పనిచేసే క్లచ్ ఉన్నన్నాళ్ళూ నేను వినిపించుకోలేదంతే.

ఊళ్ళో రెడ్ లైట్ పడితే ఇంజన్ ఆపి, గ్రీన్ రాగానే మళ్ళీ కప్పగెంతులు. వెనక పికప్ ట్రక్కు వాడు హారన్ కొట్టాడు, నాన్న వాడికి చెయ్యి ఊపారు. విడిభాగాల షాపులో డాట్ 3 బ్రేక్ ఆయిల్ సీసా కొని డబ్బా నింపి, ఇరవై సార్లు పెడల్ తొక్కితే సగం ప్రాణం వచ్చింది. ఇంటికి చేరేలోపు ఇంకో రెండు సార్లు పోయాల్సొచ్చింది.

క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కుడుని గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌కి అందించేది) లోపలి రబ్బరు అరిగిపోయింది. ఈ వయసు మియాటాలకి ఇది మామూలే. ఒకటి మారిస్తే రెండోది వెంటనే కారుతుందంటారు కాబట్టి పైన పెడల్ దగ్గరుండే దాని జోడీ, మాస్టర్ సిలిండర్ కూడా తెప్పించాను. రెండూ కలిపి నూరు డాలర్ల చుట్టుపక్కల. శనివారం నేను కారు కింద, నాన్న డ్రైవర్ సీట్లో. "తొక్కు నాన్నా." "తొక్కాను." "వదులు." "వదిలాను." క్లచ్ గొట్టాల్లోని గాలంతా పోయేసరికి చీకటి పడింది. మా ఆవిడ రెండుసార్లు భోజనానికి పిలిచి ఊరుకుంది.

అంతా బాగానే చెప్పాను గానీ, రాడ్ గురించి ఇంకొంచెం నిజం చెప్పాలి. చలికాలం పొద్దున్నే మొదటి రెండు మైళ్ళు సెకండ్ గేరు మొరాయిస్తుంది. గేర్ ఆయిల్ మార్పించాక సగం తగ్గింది, సగం ఉంది. రాడ్ అడుగున ఉండే రబ్బరు తొడుగు చిరిగి వేడిగాలి నేరుగా చేతికి కొట్టేది, అదీ మార్చాను. సాయంత్రం ఆరింటికి జీఏ 400 హైవే మీద ఇరుక్కుంటే ఆ 'టక్' సంగీతం పది నిమిషాలకే విసుగొస్తుంది, ఎడమ మోకాలు పట్టేస్తుంది. నేను ఇంతగా మెచ్చుకునే సుఖం వారానికి ఒకటి రెండు సార్లే అందుతుందన్నమాట.

పవర్ తక్కువైందన్న బాధ లేదని కూడా అనను. ఎండాకాలం ఏసీ వేసుకుని, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కేటప్పుడు వెనక వచ్చే లారీని చూస్తూ థర్డ్‌లో గొంతు చించుకోవాలి. మా ఇంట్లో పిల్లల్ని తిప్పే హోండా ఒడిస్సీది 280 హార్స్ పవర్. సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఆగితే మా ఆవిడే ముందు వెళ్ళిపోతుంది, అద్దంలో చూసి నవ్వుతుంది కూడా.

కొనమంటారా అని ఎవరైనా అడిగితే నేను నసుగుతాను. ఇంట్లో ఇంకో కారు ఉంది కాబట్టి నాకు కుదిరింది. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. నా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ఆరడుగుల మా తమ్ముడు కూర్చుంటే తల టాప్‌కి తగులుతుంది. పిల్లలిద్దరిలో ఎవరు ముందు ఎక్కాలన్న గొడవ ప్రతి ఆదివారం ఉంటుంది. చేతికి గ్రీజు అంటితే చిరాకు పడేవాళ్ళకైతే వద్దనే చెబుతాను.

మా పెద్దాడికి లైసెన్స్ వయసు వస్తోంది, వాడికి గేర్లు నేర్పే దాకా అమ్మను. ఆ తర్వాత సంగతి ఇప్పుడే చెప్పలేను. ఈలోపు టాప్ వెనక అద్దం దగ్గర కుట్టు ఊడింది. కొత్త టాప్‌కి 1,500 డాలర్లు అడుగుతున్నారు, అంటే కారు ధరలో ఐదో వంతు. ఈ చలికాలానికి టేపు వేశాను.