పాత ఫ్రిజ్‌లో వంగమొక్కలు: గోడ చేసిన మేలు, అదే గోడ తెచ్చిన చిక్కు

పెయింటు బకెట్లు, 15 కిలోల నూనె డబ్బాలు, థర్మోకోల్ పెట్టెలు, నీళ్ల క్యాన్లు... మిద్దెతోట పెంచే ఇళ్లలో ఇవన్నీ మామూలే, మా డాబా మీదా ఉన్నాయి. వాటి మంచిచెడ్డలు అందరికీ తెలిసినవే. ఈ సమీక్ష వెల్లకిలా పడుకోబెట్టి మట్టి నింపిన పాత ఫ్రిజ్ గురించి. అందులోనూ ముఖ్యంగా దాని గోడ గురించి. కొన్ని ఎండాకాలాలు, కొన్ని వానాకాలాలు గడిచాక కూడా ఆ గోడ మీద నాకు ఇష్టం తగ్గలేదు.

మాది విజయవాడ. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఎందుకన్నారో మధ్యాహ్నం మా డాబా ఎక్కితే తెలుస్తుంది. పైనుంచి ఎండ, కింద స్లాబు సెగ, పక్కన పిట్టగోడ సెగ. పెయింటు బకెట్ గోడ ఈ వేడిని ఏమాత్రం ఆపలేదు. వేసవిలో చచ్చిపోయిన మొక్క ఉన్న బకెట్‌ను బోర్లించి మట్టిముద్దను బయటికి తీసి చూడండి. తూర్పు వైపు వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటాయి. పడమటి ఎండ తగిలే వైపు వేళ్లు గోధుమరంగుకు తిరిగి, వేలితో లాగితే తొక్క ఊడి వస్తుంది. నీళ్లు చాలక ఎండిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి ఆ మొక్క వేళ్లు ఉడికిపోయి ఉంటాయి, సాయంత్రం ఎన్ని నీళ్లు పోసినా అది తేరుకోదు. నూనె డబ్బా రేకు ఇంకా త్వరగా కాలుతుంది.

ఫ్రిజ్ గోడ సంగతి వేరు. బయట రేకు, లోపల ప్లాస్టిక్, రెండింటి మధ్య గట్టిపడిన పాలియురేథేన్ నురుగు. చలవను లోపల నిలపడానికి పెట్టిన ఆ నురుగే ఇప్పుడు వేడిని బయట ఆపుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు బయటి రేకును ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అదే సమయంలో లోపలి గోడ వెంబడి మట్టిలోకి వేలు దించితే చల్లగానే ఉంటుంది. మొదటిసారి అలా చేసి చూసినప్పుడు నమ్మకం కుదరక ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

2023 మే నెలలో పెళ్లికని అందరం ఊరెళ్లాం. నీళ్లు పోయమని కింది వాటా వారికి చెప్పి వెళ్లాం. పాపం, వారికీ అనుకోకుండా ప్రయాణం పడింది. తిరిగి వచ్చి డాబా ఎక్కేసరికి బకెట్లలో వంగ ఆకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. మిరపమొక్కలు నిలువునా ఎండాయి. గోంగూరకు కాడలే మిగిలాయి. ఫ్రిజ్‌లోని వంగమొక్కలు తలలు వాల్చాయి కానీ ఆకు పచ్చగానే ఉంది. మట్టిలో వేలు పెడితే రెండు కణుపుల లోతున తేమ తగిలింది. ఆ రాత్రి నీళ్లు పోస్తే తెల్లారేసరికి లేచి నిలబడ్డాయి. బకెట్లలోవీ ఫ్రిజ్‌లోవీ ఒకే నారుమడి నుంచి తెచ్చిన మొక్కలు.

ఈ ఘనతంతా గోడకే కట్టబెట్టడం న్యాయం కాదు. బకెట్ కంటే ఫ్రిజ్‌లో మట్టి ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి తేమ ఎక్కువ రోజులు నిలవడంలో ఆ మట్టి వాటా కూడా ఉంది. కానీ దాదాపు అంతే మట్టి పట్టే సిమెంటు తొట్టి ఒకటి పక్కనే ఉంది. అందులో తూర్పు వైపు మొక్కలు బతికాయి, పడమటి గోడను ఆనుకున్న వరుస మాత్రం మాడిపోయింది. ఫ్రిజ్‌లో అలా ఏ ఒక్క వైపూ మాడలేదు.

తయారీలో పట్టించుకోవలసినవి రెండే. మొదటిది ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాసు. బాగా పాతవాటిలో ఆర్-12, తర్వాతివాటిలో ఆర్-134ఎ, ఈ మధ్యవాటిలో ఆర్-600ఎ ఉంటాయి. చివరిది మండే వాయువు. మొదటి రెండూ మండవు కానీ గాలిలోకి వదిలేయదగినవి కావు. అందుకే గొట్టాలను సుత్తితో కొట్టి విరగ్గొట్టకుండా, మెకానిక్‌ను పిలిచి గ్యాసు, కంప్రెసర్, వెనుక జాలీ తీయించాలి. కంప్రెసర్‌లో రాగి తీగ ఉంటుంది కాబట్టి పాత ఇనుప సామాన్లు కొనేవారు మంచి ధరకే తీసుకుంటారు. రెండోది లోపలి మెట్టు. నిలబెట్టినప్పుడు కంప్రెసర్ ఉండే చోటికి పైన, లోపల ఒక గూనిలాంటిది ఉంటుంది. పడుకోబెడితే ఆ వైపు లోతు తక్కువవుతుంది. అక్కడ తోటకూర, మెంతికూర వేసి, లోతున్న వైపు వంగ వేస్తే సరిపోతుంది. అడుగున ఉండే కూరగాయల ట్రేని పారేయకండి, కొత్తిమీరకు అంత అనువైన తొట్టి నేను డబ్బు పెట్టి కొన్నవాటిలో కూడా లేదు.

ఇక వాన సంగతి. 2024 ఆగస్టు 31న, సెప్టెంబరు 1న విజయవాడలో కురిసిన వాన, బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోవడం అందరికీ తెలుసు. మా పేట మునగలేదు. అంతమంది ఇళ్లు పోగొట్టుకున్న రోజుల్లో వంగమొక్కల గురించి దిగులు పడడానికి మనసొప్పలేదు. కానీ వాడకం గురించి చెబుతున్నప్పుడు ఆ వాన తర్వాత జరిగింది దాచకూడదు. మట్టి గోడల కుండీ పక్కల నుంచి కూడా ఆరుతుంది. ఫ్రిజ్‌కు ఆ దారి లేదు, నీరు పోవాలంటే అడుగు బెజ్జమే దిక్కు. మా ఫ్రిజ్‌కు గ్యాసు గొట్టం తీసేసిన చోట మిగిలిన బెజ్జమే ఆ దారి. మామూలు వానలకు అది సరిపోయింది. ఆ రెండు రోజుల జోరుకు మట్టి కొట్టుకొచ్చి బెజ్జం పూడిపోయింది. ఫ్రిజ్ నిండా నీళ్లు నిలిచి మొక్కల మొదళ్లు మునిగాయి. వానలు తగ్గి ఎండ వచ్చిన తర్వాత కూడా లోపలి మట్టి బురదగానే ఉంది. చివరికి నీళ్లు నిండుగా ఉన్న మట్టిలోనే వంగమొక్కలు వడలిపోయాయి. పీకి చూస్తే వేళ్లు నల్లబడి కుళ్లువాసన వేశాయి. వేసవిలో వేడిని రానివ్వని గోడే వానల్లో తడిని పోనివ్వలేదు.

మట్టంతా తోడేశాక ఇంకొకటి బయటపడింది. బెజ్జం అంచు నుంచి నీరు గోడ మధ్యలోని నురుగులోకి దిగింది. వేలితో నొక్కితే చెమ్మ ఊరుతోంది. అడుగు రేకు లోపలి నుంచే తుప్పుపట్టింది. ఇప్పుడు రెండు వేళ్లు పట్టేటంత పెద్ద బెజ్జాలు పక్కగోడకు, అడుగుకు ఆనించి వేయించాను. ఒక్కొక్కదానిలో పీవీసీ పైపు ముక్క ఆ చివర నుంచి ఈ చివరకు దూర్చి, చుట్టూ ఎంసీల్ పెట్టాను. నీరు పైపులోంచే పోతుంది, నురుగును తాకదు. లోపలి వైపు పైపు నోటికి నైలాన్ దోమతెర ముక్క కట్టి, దాని మీద పెంకు ముక్కలు, కొబ్బరి పీచు పరిచాను. రెండో చివర ఇటుకలు పెట్టి ఎత్తు పెంచడంతో వాలు వచ్చింది. నిరుటి వానలకు నీరు నిలవలేదు. అయినా మళ్లీ అంత వాన రానంతవరకు ఇది గట్టి పరీక్షకు నిలిచిందని అనలేను.

బరువు విషయంలో రాజీ వద్దు. మాది 165 లీటర్లది. నిండా మట్టి పోస్తే తడిసినప్పుడు 200 కిలోలు దాటవచ్చు. మనుషులు తిరిగే మిద్దెకు, భవనాలు మోయాల్సిన బరువులను చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. పడుకున్న ఫ్రిజ్ ఆక్రమించే చోటు చదరపు మీటరు కూడా ఉండదు. అందుకే స్లాబు నడిమధ్యన పెట్టకుండా, కింద గోడ మీదుగా దూలం వెళ్లే చోట పెట్టించాను. మట్టి పాలు తగ్గించి కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు ఎక్కువ కలిపాను.

సొంత ఇల్లు, దూలాలు ఎక్కడున్నాయో తెలిసిన స్లాబు, మా కోస్తా ఎండలు ఉన్నవారు, ఇంట్లో పాడైన ఫ్రిజ్ ఉంటే అమ్మే ముందు ఒకసారి ఆలోచించమంటాను. అద్దె ఇంట్లో ఉన్నవారికి మాత్రం చెప్పను, నింపాక దాన్ని కదిలించడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. అరకు లాంటి చల్లటి చోట ఉన్నవారికి ఈ గోడ వల్ల పెద్దగా ఒరిగేది ఉండకపోవచ్చు. మిరపకు కూడా నేనిప్పుడు ఫ్రిజ్ వాడడం లేదు. దానికి వానాకాలంలో త్వరగా ఆరే మట్టి కావాలి, బకెట్లే నయం. వేసవిలో ఆ బకెట్ల పడమటి వైపు తడిపిన గోనెసంచి కడుతున్నాను. పక్కింటివారు తమ పాత ఫ్రిజ్ కూడా తీసుకెళ్లమంటున్నారు. మా డాబా మీద దూలం ఉన్న చోటు ఇంకొకటి ఖాళీ లేదు కాబట్టి, దాన్ని వాళ్ల డాబా మీదే పెట్టించే మాట నడుస్తోంది.