ఎల్‌పీసీ బొమ్మలు, షేర్-అలైక్ షరతు: సంత గేమ్‌లో ముసలమ్మకి కోక కట్టాక

ఉచిత గేమ్ బొమ్మల గురించి ఎవర్ని అడిగినా ముందు చెప్పే జాగ్రత్త ఒకటే. లైసెన్స్‌లో 'ఎస్‌ఏ' (షేర్-అలైక్, అంటే బొమ్మని మార్చి పంచితే దాన్నీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలన్న షరతు) కనబడితే ముట్టుకోకు, ఏ షరతూ లేని సీసీ0 బొమ్మలు తీసుకుని నీ పని చూసుకో అంటారు. కొన్నేళ్లుగా ఎల్‌పీసీ అనే ఉచిత బొమ్మలతో గేమ్ చేసుకుంటున్న నాకు మాత్రం అందరూ భయపడే ఆ షరతే ఎక్కువ కలిసొచ్చింది. బొమ్మల సైజులు, గోడో (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్)లో ఎక్కించే పద్ధతి లాంటివి ఇక్కడ రాయడం లేదు. షేర్-అలైక్‌తో నా అనుభవం ఒక్కటే రాస్తున్నాను.

విజయనగరంలో ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనింగ్ నా ఉద్యోగం. మా పనిలో నెట్‌లో దొరికిన బొమ్మ ఎవరిదని అడిగే అలవాటు లేదు. దేవుడి బొమ్మయినా, గులాబీ పువ్వయినా అన్నీ 'గూగుల్‌వే'. ఫ్లెక్స్ నాలుగు రోజులకి ఎండకి వెలిసిపోతుంది కాబట్టి అక్కడ ఎవరూ పట్టించుకోరు. గేమ్ అలా కాదు, మన పేరుతో బయట తిరుగుతుంది. రాత్రిళ్లు నేను చేసుకునే గేమ్‌కి ఊహ మా వైపు మానాపురం సంత. ఆ సంతకి పేరు పశువుల వల్లే వచ్చినా, ఎద్దులకి నడక గీసే ఓపిక లేక నాది కూరగాయల సంత చేసేశాను. ఒక్కో గంప ముందు ఒక ముసలమ్మ ఉంటుంది. ఆడే గుంటలు (పిల్లలు) తూకం వేసి, చిల్లర లెక్కచూసి ఇవ్వాలి. అంతే గేమ్.

ఎల్‌పీసీ అంటే లిబరేటెడ్ పిక్సెల్ కప్. 2012లో క్రియేటివ్ కామన్స్ (ఈ సీసీ లైసెన్సులు రాసే సంస్థ), ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ఉచిత గేమ్ బొమ్మల సైట్ ఓపెన్‌గేమ్‌ఆర్ట్ కలిసి పెట్టిన పోటీ అది. లానియా జిమ్మర్‌మన్ గీసిన నేల, గోడలు, స్టీఫెన్ చాలెనర్ గీసిన మనుషులు దానికి పునాది. తర్వాత ఎవరు ఏం గీసినా అవే కొలతల్లో, అదే పద్ధతిలో గీశారు. అందుకే ఒకరు గీసిన కొప్పు ఇంకొకరు గీసిన తలకి సరిగ్గా కూర్చుంటుంది. పోటీకి వచ్చిన బొమ్మలన్నీ సీసీ బై-ఎస్‌ఏ 3.0, జీపీఎల్ 3.0 (సాఫ్ట్‌వేర్‌కి వాడే అలాంటి లైసెన్స్) రెండిటి కింద ఇచ్చారు. బొమ్మని మార్చి బయటికి ఇస్తే మార్చినదాన్ని కూడా అదే షరతు మీద ఇవ్వాలి. ఇదే జనం భయపడే ముక్క.

నేను మొదలుపెట్టిన రోజుల్లో ఆ బొమ్మల్లో గౌన్లు ఉన్నాయి, పొడుగు అంగీలు ఉన్నాయి, ఇనప కవచాలు కూడా ఉన్నాయి. నాకు పనికొచ్చే కోక మాత్రం కనబడలేదు. సంతలో ముసలమ్మకి గౌను వేయలేం కదా. ఒక పొడుగు గౌను తీసుకుని దాని మీదే కోక గీయడం మొదలుపెట్టాను. ఒక మనిషి కదలికలన్నీ ఉండే షీటు 832 పిక్సెళ్ల వెడల్పు, 1344 పిక్సెళ్ల ఎత్తు. మంత్రం వేయడానికి 7, పొడవడానికి 8, నడకకి 9, కత్తి తిప్పడానికి 6, బాణం వేయడానికి 13 ఫ్రేములు (కదలికలో వరసగా వచ్చే బొమ్మలు). ఇవి నాలుగు వైపులకీ ఉండాలి. కిందపడే బొమ్మలు 6 ఒక్క వైపుకే. మొత్తం 178. నా ముసలమ్మకి మంత్రాలతో, బాణాలతో పనిలేదు కాబట్టి నడక 36 ఫ్రేములు గీసి మిగతావి వదిలేశాను.

మొదటి రకం అమ్మకి చూపిస్తే, "కోకేటిరా అది, లుంగీలాగుంది. సంతకెళ్లే మనిషి కుచ్చిళ్లు నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తాదేటి? గోచీ పొయ్యి, చెంగు నడుంకి దోపు" అంది. ముప్పై పిక్సెళ్ల వెడల్పు లేని మనిషికి గోచీ చూపించడం ఎంత కష్టమో ఆవిడకి చెప్పినా అర్థం కాదు. మోకాళ్ల దగ్గర రెండు ముదురు గీతలు, వెనకవైపు ఒక మడత పెట్టాను. దూరం నుంచి చూస్తే సరిపోయింది. ఎడమవైపు నడకకి కుడివైపు బొమ్మలే తిప్పి పెట్టాను, టైమ్ లేనప్పుడు అందరూ చేసేదే. దాంతో కుడికి నడిస్తే పైట ఎడమ భుజం మీద, ఎడమకి నడిస్తే కుడి భుజం మీద ఉండేది. ఆడే పిల్లలు అది చూడరని తెలుసు కాబట్టి అలాగే ఉంచేశాను.

ఇక్కడ ఒక మాట. షేర్-అలైక్ అంటే గీసింది తీసుకెళ్లి ఎక్కడో అప్‌లోడ్ చేసి తీరాలని కాదు. గేమ్ బయటికి ఇచ్చినప్పుడు అందులోని కోక కూడా అదే లైసెన్స్ కింద ఉంటుంది, ఎవరైనా ఫైల్ విప్పి తీసుకుంటే అడ్డు చెప్పకూడదు, అంతవరకే. ఎలాగూ తీసుకోవచ్చు కదా అని షీటు విడిగా పెట్టేశాను. అసలు గౌను గీసినవాళ్ల పేర్లు, నా పేరు, ఏం మార్చానో రెండు వాక్యాలు రాశాను. తర్వాత దాని సంగతే మర్చిపోయాను.

చాలా నెలల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. ఎవరో నా కోక తీసుకుని 178 ఫ్రేములూ పూర్తి చేశారు. ఎడమవైపు వరస మొత్తం కొత్తగా గీశారు, ఇప్పుడు ఎటు తిరిగినా పైట ఎడమ భుజం మీదే. ఆ మనిషి కోక ఎప్పుడైనా చూశారో లేదో నాకు తెలియదు. ముందువైపు బొమ్మలో చెంగు ఎక్కడుందో చూసి, పక్కవైపు ఎక్కడుండాలో లెక్కకట్టి గీశారు. కోక రంగు, అంచు రంగు వేరే పొరలుగా విడదీశారు కూడా. దాంతో నా సంతలో ఒకే రంగు కోక కట్టిన నలుగురు ముసలమ్మల బదులు ఎర్ర కోక, పసుపు కోక, ఆకుపచ్చ కోక వచ్చాయి. పొడిచే ఫ్రేములు నాకు అక్కర్లేదనుకున్నాను గానీ, ఆ చెయ్యి ముందుకి చాచే కదలికనే గంపలోంచి వంకాయ తీసి ఇవ్వడానికి వాడుకున్నాను. గేమ్‌లో జనం మెచ్చుకునేది ఇప్పుడు అదే.

నాకు ఈ షరతు మీద ఇష్టం అప్పుడే పుట్టింది. సీసీ0 బొమ్మ అయినా మంచివాళ్లు బాగుచేసి తిరిగి ఇస్తారు, కాదనను. ఇక్కడ మాత్రం వాళ్ల మంచితనం మీద ఆధారపడే అవసరం లేదు. బయటికి ఇచ్చారంటే నేనూ తీసుకోవచ్చు.

ఆ తర్వాత ఆ కోక ఎటెటు పోయిందో నా చేతిలో లేదు. ఒక యుద్ధం గేమ్‌లో కనబడింది, అదే కోక కట్టుకుని కత్తి తిప్పుతూ. అమ్మ చూసి, "ముసల్దానికి కత్తెందుకురా, కత్తిపీటివ్వాల గానీ" అంది. ఇంకొకరు గోచీ తీసేసి కుచ్చిళ్లు కిందికి దించి పట్టుచీర చేశారు. ఎక్కువమంది వాడేది ఆ రకమే. మా వైపు కట్టు ఎవరికీ పట్టలేదు. దానికి కొంచెం మనసు నొచ్చుకున్న మాట నిజం, కానీ అలా మార్చొద్దనే హక్కు ఈ లైసెన్స్‌లో నాకు లేదు.

గీసినవాళ్లందరి పేర్లు చెప్పాలన్న విషయంలో నా సంబరం ఇంకాస్త తగ్గించి చెప్పాలి. ఒక ముసలమ్మకి ఒళ్లు, ముఖం, నెరిసిన కొప్పు, కోక, చేతిలో సంచి, ఒక్కోదాని వెనక నలుగురైదుగురు. బ్రౌజర్‌లో పొరలు ఎంచుకుని మనిషిని తయారుచేసే ఎల్‌పీసీ జనరేటర్ బొమ్మతో పాటు ఎవరు ఏం గీశారో ఫైల్ కూడా ఇస్తుంది. అది లేకపోతే నేను ఎప్పుడో చేతులెత్తేసేవాణ్ని. బయట నుంచి తెచ్చుకున్న పొరలకి మాత్రం ఆ సదుపాయం ఉండదు. తీసుకున్న రోజే పేజీ సేవ్ చేసి బొమ్మ పక్కన పెట్టుకోవాలి. సీసీ లైసెన్స్ పాత కూర్పు 3.0లో షరతు తప్పితే హక్కు అక్కడితో పోతుంది. 4.0లో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిచేస్తే తిరిగి వస్తుంది. ఎల్‌పీసీలో పాత బొమ్మలు చాలావరకు 3.0వే, కాబట్టి నాకు ఆ వెసులుబాటు లేదు.

డబ్బు పోయిన సంగతీ రాయాలి. ఊళ్లో ఒక ప్రైవేట్ విద్యాసంస్థ వాళ్లు గేమ్ చూసి తమ పేరుతో కావాలన్నారు. అమ్మడానికి లైసెన్స్ అడ్డు కాదు, సంతోషంగా ఒప్పుకున్నాను. తర్వాత రెండు కోరికలు పెట్టారు. బొమ్మల హక్కులన్నీ తమకే రాసివ్వాలి. చివర్లో వచ్చే 'ఆ ఫారిన్ పేర్లు' తీసేయాలి. మొదటిది నాది కానిదాన్ని నేను రాసివ్వడం. రెండోది అసలు కుదరదు, షేర్-అలైక్ లేని సీసీ బై అయినా పేర్లు ఉండాల్సిందే. పూర్తిగా సీసీ0 బొమ్మలతో, అంటే కెన్నీ లాంటి వాళ్లవి తీసుకుని చేసుంటే పేర్ల గొడవ ఉండేది కాదు. షాపు జీతం మీద బతికే నాకు ఆ మొత్తం చిన్నది కాదు. ఆ వారం షేర్-అలైక్‌ని బాగానే తిట్టుకున్నాను.

సంగీతం దగ్గర అయితే ఈ షరతుకి నేను దూరమే. పాటని కదిలే బొమ్మలతో జతచేస్తే దాన్ని మార్పు కిందే లెక్కేస్తామని సీసీ లైసెన్స్‌లోనే ఉంది. బై-ఎస్‌ఏ ట్యూన్ ట్రైలర్‌కి పెడితే ట్రైలర్ మొత్తం బై-ఎస్‌ఏ అవుతుంది. అందుకని సీసీ బై ట్యూన్ పెట్టాను. వీడియో పెట్టిన చోట ఆటోమేటిక్ తనిఖీ ఎవరిదో ఆల్బమ్ పేరు చెప్పి క్లెయిమ్ వేసింది. సేవ్ చేసుకున్న పేజీ పంపితే తీసేశారు, కాకపోతే అప్పటిదాకా టెన్షనే.

సంతలో ఒక మూల తప్పెటగుళ్లు మోగితే బాగుంటుందని మా మండలంలోనే ఒక బృందం దగ్గర రికార్డు చేసుకున్నాను, వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చాను. బృందంలో పెద్దాయన "ఏసుకో బాబూ, దానికేటి" అన్నారు. అంత మాట చాలు, ఇది కూడా అందరికీ పంచేద్దామని ఒక స్నేహితుడు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. నా గేమ్‌లో వేసుకోమనడం వేరు, ప్రపంచంలో ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చని సంతకం పెట్టడం వేరు. మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శన ఇచ్చేవాళ్లకి విడిగా హక్కు ఉంది, వాళ్ల తరఫున నేను దానం చేయలేను. పైగా సీసీ కింద ఒకసారి ఇచ్చాక తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి లాక్కోలేం. ఆ దరువు ఎవరో మద్యం ప్రకటనకి వాడితే ఆయనకి నేనేం చెప్పాలి? అందుకని సౌండ్ ఫోల్డర్‌లో ఆ ఒక్క ఫైల్‌కి 'ఇది ఉచితం కాదు' అని రాసి పెట్టాను. బొమ్మలకి ఒక న్యాయం, దరువుకి ఒక న్యాయమా అని అడిగితే, అవును.

మొత్తానికి ఎల్‌పీసీ బొమ్మలు తీసుకోవచ్చా అంటే, నా పరిస్థితి వేరు. గేమ్ ఉచితంగా ఇస్తున్నాను, కోడ్ కూడా తెరిచే ఉంచాను. అందుకే బొమ్మల షరతు కోడ్‌కి పాకుతుందా లేదా అన్న వాదనతో నాకు పనిలేదు. ఫోన్‌కి ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) పంచుతాను, ఫైల్‌ని కాపీ చేయనివ్వకుండా తాళాలు వేసే స్టోర్ల జోలికి పోలేదు. అటు వెళ్లేవాళ్లు మాత్రం చూసుకోవాలి. సీసీ లైసెన్సులు బొమ్మ మీద తాళం వేయడాన్ని ఒప్పుకోవు. ఆ ఇబ్బంది తీసేయడానికే ఓపెన్‌గేమ్‌ఆర్ట్ వాళ్లు ఓజీఏ-బై అని విడిగా ఒక లైసెన్స్ రాశారు. అదీ ఉన్న బొమ్మలు ఏరుకోవచ్చు, కాకపోతే అన్నిటికీ ఉండదు. గేముల మీదే ఇల్లు గడవాల్సినవాళ్లకి, క్లయింటుకి చేసిచ్చేవాళ్లకి ఎల్‌పీసీ ధైర్యంగా చెప్పలేను. నాలాగా జీతం ఒకచోట, సరదా ఒకచోట ఉన్నవాళ్లు మొదలుపెట్టొచ్చు.

ప్రస్తుతం కావిడి మోసే మగమనిషిని గీస్తున్నాను. ముందువైపు, కుడివైపు నడక అయ్యాయి. వెనకవైపు కావిడి బద్ద తలకి అడ్డం పడుతోంది, ఇంకా తేలలేదు. అయినంతవరకు అదే లైసెన్స్ కింద పెట్టేశాను.