కొట్టంలో కుట్లు వేయడానికి ఓల్సెన్-హెగర్: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

పశువైద్య కళాశాలలో సర్జరీ నేర్పేటప్పుడు పైన లైటు ఉంటుంది, బల్ల ఉంటుంది, అడగ్గానే కత్తెర అందించడానికి పక్కన మనిషి ఉంటాడు. మార్కాపురం వైపు పల్లెల్లో పని మొదలుపెట్టాక ఇవేవీ ఉండవు. అటెండర్ ఉంటాడు గానీ అతను పశువును పట్టుకోవాలి. కాబట్టి కుట్లు వేసే సామాను ఎంత నాణ్యమైనదని కాకుండా, ఒక్కడివే ఉన్నప్పుడు అది నీకు ఎంత పని తగ్గిస్తుందని చూసి కొనుక్కోవాలి. ఆ లెక్కన నా బ్యాగులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఓల్సెన్-హెగర్ నీడిల్ హోల్డర్, అంటే కుట్టు సూదిని పట్టుకునే పరికరం.

మామూలుగా అందరి దగ్గరా ఉండే మేయో-హెగర్‌కూ దీనికీ తేడా ఒక్కటే. సూదిని పట్టే దవడల వెనకే చిన్న కత్తెర అంచులుంటాయి. ముడి వేశాక పరికరం కింద పెట్టకుండా అదే చేత్తో దారం కత్తిరించవచ్చు. నాది ఆరున్నర అంగుళాలది, పిడులు బంగారు రంగు. ఆ రంగు షోకు కోసం కాదు, దవడల్లో టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు ఉన్నాయని గుర్తు. పూర్తి స్టీలు దవడలవి వందల్లో దొరుకుతాయి, ఇవి వేలల్లో ఉంటాయి. ఆ తేడా పెట్టాల్సిందే. స్టీలు దవడల గళ్ళు త్వరగా అరిగిపోతాయి, తర్వాత తోలు మధ్యలో సూది గిర్రున తిరుగుతుంది. ఆ చిరాకు పడినవాళ్ళకే తెలుస్తుంది.

కొట్టంలో కత్తెర ఎక్కడ పెడతాం? ట్రేలో. ట్రే ఎక్కడ పెడతాం? బోర్లించిన తట్ట మీదో, నులక మంచం మీదో. గేదె ఒక్కసారి కాలు విదిలిస్తే అంతా రొచ్చులోనే. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే పాత్రలో) పెట్టి తెచ్చిన కత్తెర పేడలో పడ్డాక కడిగి వాడలేం, ఇంకొకటి ఉండాలి. చేతిలోంచి దిగని కత్తెరకు ఆ బెడద లేదు.

ఇది నిజంగా అక్కరకొచ్చేది జీవాల దగ్గర. మంద మీద కుక్కలు పడితే ఒక్క గొర్రెతో పోదు, నాలుగైదు వరసగా పడుంటాయి. తెల్లవారకముందే ఫోన్ వస్తుంది. కాపరి గొర్రెను మోకాళ్ళ మధ్య బిగించి కూర్చుంటాడు, అతని మనవడు ఫోన్ టార్చి పట్టుకుంటాడు. నెత్తురు చూడలేక మొహం తిప్పుకుంటాడు, మొహంతో పాటు లైటూ తిరిగిపోతుంది. తొడ మీద తోలు ఊడి వేలాడుతుంటే ఎడమ చేత్తో దాన్ని లాగి పట్టుకోవాలి, కుడి చేత్తో కుట్టాలి, ముడేయాలి, కత్తిరించాలి. ఒకసారి ఓ కాపరి, "డాక్టరుగారూ, కత్తెర లేకుండానే తెంపుతున్నారే!" అని ఆశ్చర్యపోయాడు. చూపిస్తే చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఆడించి, "ఉన్ని కత్తిరించేదానికి ఇట్టాంటిది లేదా?" అన్నాడు. నిజమే, అడగాల్సిన ప్రశ్నే.

దీని అతి పెద్ద లోపం కూడా ఆ కత్తెరే. పరికరంతో ముడి వేసేటప్పుడు దారాన్ని దవడల చుట్టూ రెండు మెలికలు తిప్పి, దవడలు తెరిచి, దారం రెండో కొసను అందుకుంటాం. ఆ మెలిక వేలి మందం వెనక్కి జారితే కత్తెర అంచుల మధ్యకు పోతుంది. కొసను పట్టుకుందామని మూయగానే టప్‌మని తెగుతుంది. కుట్టు మళ్ళీ మొదటికి. కొత్తగా వాడేవాళ్ళందరికీ జరిగేదే ఇది. దవడల చివర నేల వైపు వంచి, మెలికను ముక్కు దగ్గరే ఉంచితే జారదు. చేతికి అలవాటయ్యేదాకా ఆపరేషన్‌లో వాడకండి. పాత తోలు ముక్క మీద, లేదంటే అరటిపండు తొక్క మీద సాధన చేయండి.

గేదె తోలు విషయానికొస్తే ఇది చాలదు. ముళ్ళ కంచెలో పడి తొడ చీలిన ముర్రా గేదెకు లావు కటింగ్ సూది కావాలి. అంత సూదిని ఈ చిన్న దవడల్లో పట్టి తోస్తే కీలు దగ్గర సందు వస్తుంది. ఒకసారి సందు వచ్చిందా, ఇక సన్న సూదిని గట్టిగా పట్టదు. అందుకని ఎనిమిది అంగుళాల మేయో-హెగర్ ఒకటి బ్యాగులో వేరుగా ఉంచుతాను. గేదెకు అదే, కత్తెర వేరుగా పట్టుకోక తప్పదు. తోలు బిగుతుగా ఉన్నచోట దారం కోసుకుపోకుండా సెలైన్ సెట్టు గొట్టాన్ని చిన్న ముక్కలుగా తరిగి, గాయానికి రెండు వైపులా కుట్టు కింద పెడతాను. మన ప్రాంతంలో చాలామంది పశువైద్యులు చేసేదే. ఖర్చు లేదు, పనిచేస్తుంది. దారం మాత్రం నైలాన్. సిల్కు ముడికి బాగా నిలుస్తుంది గానీ అల్లిక దారం కాబట్టి రొచ్చు తడిని వత్తిలా లోపలికి పీలుస్తుంది. థియేటర్లో అయితే సరే, కొట్టంలో వద్దు.

చూడి గేదెకు యోని బయటికి వచ్చే కేసుల్లో నీడిల్ హోల్డర్ ప్రసక్తే లేదు. అక్కడ బ్యూనర్ సూది వాడతాం. అది పొడవాటి పిడి ఉన్న సూది, కన్ను మొన దగ్గరే ఉంటుంది. తోక దగ్గర వెన్నులో 2 శాతం లిగ్నోకైన్ మత్తుమందు 5 మి.లీ. ఇచ్చి, యోని ద్వారం చుట్టూ తోలు కింద వెడల్పు టేపు తిప్పి, మూత్రం పోవడానికి రెండు మూడు వేళ్ళు పట్టేంత సందు వదిలి ముడేస్తాం. ఈనే ముందు దాన్ని తీసెయ్యాలని రైతు ఇంట్లో వాళ్ళందరికీ చెప్పి రండి, ఒక్కరికే చెబితే ఆ రోజు వాళ్ళు ఊళ్ళో ఉండరు. కొట్టాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన సామాను అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. తుప్పు పట్టడం తప్ప దీనికి వేరే రోగం లేదు.

ఇక సంరక్షణ. 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి గుడ్డలో చుట్టి రెండు సెట్లు తీసుకెళ్తాను. మధ్యలో నీళ్ళలో మరగబెడితే సరిపోతుందనుకోవద్దు, ధనుర్వాతం తెచ్చే క్రిమి బీజాలు మరిగే నీళ్ళకు చావవు. బ్లీచింగ్ నీళ్ళలో నానబెడితే స్టీలు మీద గుంటలు పడతాయి. నెత్తురు ఎండేలోగా కీలు తెరిచి పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. కొబ్బరినూనె రాసి ఆటోక్లేవ్‌లో పెట్టే అలవాటు కొన్నిచోట్ల చూశాను. నూనె పొర కిందికి ఆవిరి చేరదు, కాబట్టి అది మానుకోవాలి. ఇంకో సంగతి, అద్దంలా మెరిసేది కొనకండి. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద పని చేస్తుంటే కళ్ళలో కొడుతుంది. మెరుపు లేని శాటిన్ ఫినిష్ హాయి. మే నెలలో బైకు పెట్టెలో వదిలేస్తే మాత్రం ఏదైనా ఒకటే, చేత్తో పట్టుకోలేం.

ఓల్సెన్-హెగర్‌లో ముందు అరిగేది దవడలు కాదు, కత్తెర. నాది ఇప్పుడు సన్న నైలాన్‌ను కత్తిరిస్తుంది, లావు దారాన్ని నములుతుంది. వీధిలో సాన పట్టేవాళ్ళకు ఇవ్వకూడదు, దవడలు కలిసే తీరే మారిపోతుంది. దవడలు బాగున్నాయో లేదో తెలుసుకోవడం తేలిక. సూదిని పట్టి లాకు రెండో క్లిక్కుకు వేసి, వేళ్ళతో సూదిని తిప్పి చూడండి. తిరిగితే పలకలు మార్చాలి, మంచి రకాల్లో మార్చుకునే వీలుంటుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ గట్టిదే గానీ పెళుసు. గిట్టలో దిగిన మేకును దీనితో లాగితే పలక పగులుతుంది, దానికి పటకారు ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనాలు వస్తున్నాయి, పశువును ఎక్కించే లిఫ్టు కూడా ఉంది. ఊళ్ళోని గేదెకు అది పెద్ద సాయం. నల్లమల అంచున మేసే మంద దగ్గరికి మాత్రం ఇప్పటికీ బ్యాగు భుజాన వేసుకుని నడవాల్సిందే, ఆ బ్యాగులో ఒక్కటే పట్టేటట్లుంటే నేను ఓల్సెన్-హెగర్‌నే వేసుకుంటాను.

ఎడమ చేతి వాటం వాళ్ళకు ఒక మాట. మామూలుది ఎడమ చేత్తో పడితే లాకు సరిగ్గా విడదు, కత్తెర అంచులు దారాన్ని కత్తిరించకుండా మధ్యలోకి మడతపెడతాయి. ఎడమ చేతివి విడిగా దొరుకుతాయి, ఆర్డరు ఇచ్చేటప్పుడే అడిగి తెప్పించుకోండి.